సడ్డకుడి తొట్టిలో కట్టె

మా గృహప్రవేశం రోజున సూర్యాపేటలో మా వీధి మొత్తానికీ కరెంటు ఉంది, ఒక్క మా ఇంటికి తప్ప. నేను పనిచేసేది కరెంటాఫీసులో. కరెంటు పోవడానికి కారణం ఒక కట్టె.

ఆ కట్టె సాగర్ ఎడమ కాలువలో దొరికింది. ఎండాకాలం కాలువకు నీళ్ళు ఆపేస్తే అడుగున దాచుకున్నవన్నీ బయటపడతాయి. తెగిన చెప్పులు, నిమజ్జనమైన గణపతుల ఇనుప చువ్వలు, ఎక్కడెక్కడినుంచో కొట్టుకొచ్చిన వేర్లు. మునగాల దగ్గర ధాబాలో చాయ్ తాగి, కాళ్ళు బారజాపుదామని కాలువగట్టు దాకా నడిచాను. బురద ఎండిన చోట ఒక తుమ్మవేరు పడి ఉంది. నీళ్ళకు నునుపుదేలి, ఎండకు తెల్లబడి, అయిదారు కొమ్మలు పైకి చాపుకుని జింక తలలాగా ఉంది. చేపల తొట్టిలో పెడితే ఎంత బాగుంటుందో అనుకున్నాను. నా జీవితంలో వచ్చిన కష్టాలు చాలావరకు ‘ఎంత బాగుంటుందో’ అనే దగ్గరే మొదలయ్యాయి.

డిగ్రీలో నేను ఫిజిక్స్ చదివాను. వస్తువులు ఎందుకు తేలతాయి, ఎందుకు మునుగుతాయి అన్న ప్రశ్నకు పరీక్షలో బొమ్మ గీసి మరీ జవాబు రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ సంగతి కట్టెకు తెలియదు. ఎండిన కట్టె లోపల గాలి ఉంటుంది, నీళ్ళు తాగి బరువెక్కేదాకా అది పైకి రావాలనే చూస్తుంది. నేను దాన్ని అద్దం అడుక్కి సిలికాన్ గమ్ముతో అంటించి, దాని మొదలు చుట్టూ నాలుగు గులకరాళ్ళు పేర్చి, నీళ్ళు నింపి, గప్పీ చేపలను వదిలాను. రెండు రోజులు అది బుద్ధిగా కూర్చుంది. మూడో రోజు గృహప్రవేశం.

పూజ అయింది, భోజనాలు నడుస్తున్నాయి. హాల్లో ఈశాన్యం మూల తొట్టి. నేను మా మామగారికి దాన్ని చూపిస్తున్నాను. ఆయన కోదాడలో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏం చెప్పినా మధ్యలో ఆపకుండా చివరిదాకా వింటారు. తప్పులు ఆ తర్వాతే దిద్దుతారు. “ఇది సహజమైన ఏటి అడుగులాగా ఉండాలని...” అని నేను అంటుండగా కట్టె ఒక కొస లేపింది. రాళ్ళు ఒక్కొక్కటే దొర్లాయి. తర్వాత అది మడుగులోంచి బర్రె లేచినట్టు, ఏ తొందరా లేకుండా పైకి వచ్చింది. కొమ్ము మూతకు తగిలింది. మూతలోని లైటు నీళ్ళలో పడింది. ఎక్కడో టప్పుమంది. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. మే నెల. విస్తళ్ళ ముందు బంధువులందరూ చేయి ఆపి నా వైపు చూశారు.

ముందుగా నోరు తెరిచింది మా సడ్డకుడు. అంటే మా ఆవిడ అక్క భర్త, మా అత్తగారింటికి పెద్దల్లుడు. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. గొంతు కూడా మిల్లు నడుస్తున్నప్పుడు మాట్లాడేవాడి గొంతే, మిల్లు ఆగినా తగ్గదు.

“అరె తమ్మీ! కరెంటోళ్ళ ఇంట్లనే కరెంటు వాయె! గింత కట్టె ముంచనీకి చాతగాదు, నువ్వేం అల్లుడివయ్యా? తేలుడల్లుడివి!”

అందరూ నవ్వారు. మా మామగారు నవ్వలేదు గానీ, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వాపుకోవడానికి ఆయన చేసే పని అదే. మా ఆవిడ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని బాహాటంగానే నవ్వింది. ఫ్యూజు నేను వేశాను. కరెంటు వచ్చింది. పేరు మాత్రం పోలేదు.

ఆ పేరు నాకంటే ముందే బస్సెక్కి కోదాడ చేరింది. తర్వాతి నెల అత్తగారింటికి వెళ్ళి గేటు తీస్తుంటే లోపలినుంచి ఎవరో ముసలావిడ, “ఎవరండీ వచ్చింది?” అని అడిగింది. “తేలుడల్లుడుగారండీ” అని జవాబు. కోదాడ వాళ్ళు మర్యాదస్తులు. పేరు ఏదైనా పక్కన గారు చేరుస్తారు.

కుటుంబం గ్రూపులో నేను ఏ శుభాకాంక్షలు పెట్టినా, కింద మా సడ్డకుడు ఒక వీడియో పెట్టేవాడు. వరదలో తేలుతున్న దుంగ. తేలుతున్న కారు. కొబ్బరిబోండం. ఒకసారి సముద్రంలో మంచుకొండ పెట్టాడు. దాని కింద మా అత్తగారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా బామ్మర్దికి సంబంధం మాట్లాడడానికి వెళ్తే, మా సడ్డకుడు అటువైపు పెద్దలకు నన్ను చూపించి, “ఈయన మా చిన్నల్లుడు, తేలుడల్లుడంటం” అని చెప్పి, కట్టె కథంతా యాక్షన్‌తో సహా వినిపించాడు. వాళ్ళు కడుపు పట్టుకున్నారు. సంబంధం కుదిరింది. తన వల్లే కుదిరిందని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ తర్వాత అత్తగారింట్లో నేను ఏ మాట చెప్పినా ముందు ఒక నవ్వు వచ్చేది, తర్వాత మాట వినేవాళ్ళు, ఓపిక మిగిలితే. మామగారి కంటి ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయిద్దామంటే నవ్వు. బామ్మర్దికి వేరే కాపురం పెట్టిద్దామంటే నవ్వు. నాకు కావలసింది ఒక్కటే: ఆ ఇంట్లో ఆ పేరు చావాలి. వీలైతే పెట్టినవాడి చేతుల మీదుగానే చావాలి.

మనిషికి పగ ఉంటే పొద్దున్నే మెలకువ వస్తుందని అప్పుడే తెలిసింది. లేచి కట్టెల గురించి చదివేవాణ్ణి. కట్టెను తొట్టిలో పెట్టేముందు గంటల తరబడి ఉడకబెట్టాలట. ఉడికితే లోపలి గాలి బయటికి పోయి నీళ్ళు చేరతాయి, కట్టె బరువెక్కుతుంది. దానితోపాటు కట్టెలోని రంగు కూడా దిగిపోతుంది. ఉడకబెట్టకుండా పెడితే ఆ రంగు తొట్టిలో దిగుతుంది, నీళ్ళు చాయ్ డికాక్షన్‌లా అవుతాయి. చేపలకు దానివల్ల హాని ఏమీ లేదు, కొన్ని చేపలకు ఇష్టం కూడానట. మనుషులకే ఇష్టం ఉండదు.

నా కట్టె పట్టే గిన్నె మా ఇంట్లో లేదు. బిర్యానీ గంజు వైపు చూశాను. “దాని జోలికొస్తే ఊకోను” అంది మా ఆవిడ. కట్టెలు ఉడికేంత పెద్ద పాత్రలు, అవసరానికి మించిన ఆవిరి, రెండూ ఉన్న మనిషి నాకు ఒక్కడే తెలుసు. పగవాడి దగ్గరికే సాయానికి వెళ్ళడం అవమానం కదా అంటే, అవమానమే. కాకపోతే అప్పటికి నాకు అలవాటైంది.

మిర్యాలగూడలో మిల్లు ముందు లారీలు వరస కట్టి ఉన్నాయి. గాలంతా నానిన వడ్ల పులుపు వాసన. కట్టెను గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాను. మా సడ్డకుడు కాటా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ హమాలీలు, ఇద్దరు డ్రైవర్లు.

“ఏం తమ్మీ, సంచిల ఏంది? వడ్లా?”

“కట్టె అన్నా. మీ గాబుల ఒక్క పూట ఉడకబెడ్తే...”

ఆయన కుర్చీలోంచి లేచాడు. నాకోసం లేవడం అదే మొదటిసారి. “ఇన్నరా బై! మా తేలుడల్లుడు కట్టెను ఉడకబెట్టమంటున్నడు!” తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. “మా గాబులల్ల వడ్లు ఉడుకుతయి తమ్మీ, కట్టెలు గాదు. ఉప్పుడు బియ్యానికి కలరే పానం. జర కలర్ మారిందనుకో, లారీకి లారీ వాపస్ వస్తది. నీ తుమ్మకట్టె రంగు నా బియ్యానికి పట్టాలెనా?”

మాట న్యాయమైనదే. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. ఆపలేదు.

“గంతగనం ఉంటే గా పొయ్యిల ఎయ్యి. ఇంత ఊక మిగుల్తది.”

హమాలీలు నవ్వారు. ఒక డ్రైవరు నవ్వుతూ నవ్వుతూ కాటా పలక మీద కూలబడ్డాడు, అతని బరువు ముల్లు మీద కనిపించింది. కట్టెను మళ్ళీ భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాను. కలర్ అన్న మాటను మాత్రం అక్కడ వదిలి రాలేదు, వెంట తెచ్చుకున్నాను.

సూర్యాపేటలో టెంట్ హౌస్‌కు వెళ్ళి పెళ్ళివంటల గంజు కిరాయికి అడిగాను. “ఎంతమందికి సార్ వంట?” అన్నాడు. “ఒక్క కట్టెకు” అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎవరి కష్టం ఏమిటో మనకెందుకు అనుకుని ఉంటాడు. డాబా మీద ఆదివారమంతా ఉడకబెట్టాను. నీళ్ళు ఎర్రబడితే పారబోసి మళ్ళీ పోశాను. ఎదురింటి డాబా మీద వడియాలు పెట్టుకుంటున్న ఆవిడ చూసి చూసి, “ఏం కషాయం సార్ గది, మోకాళ్ళ నొప్పులకా?” అని అడిగింది. అవునన్నాను. కొంచెం అడుగుతుందేమోనని భయపడ్డాను. అడిగింది.

తర్వాత బండ. కట్టె కింద రాతిపలక పెట్టి, అడుగునుంచి తుప్పు పట్టని స్టీలు స్క్రూ బిగించి, ఆ పలక మీద ఇసుకా గులకరాళ్ళూ కప్పితే, రాయి బరువే కట్టెను పట్టుకుంటుంది. గమ్ములు వద్దు, దారాలు వద్దు. కోదాడ హైవే పక్కన బండలమ్మే దుకాణాలున్నాయి. ఒక దాంట్లో మూలకు పడేసిన నాపరాతి ముక్క ఏరాను.

“మెట్టుకాండీ, గట్టుకాండీ?” అన్నాడు దుకాణదారు.

“కట్టెకు.”

“కట్టెకి బండేంటండీ?”

“తేలకుండా.”

ఆయన నన్ను కాస్త పరీక్షగా చూశాడు. మొహం వెలిగింది. “మీరు... లెక్కల మాస్టారి చిన్నల్లుడుగారు కదండీ?”

బండకు బెజ్జం మాత్రం చక్కగా వేసి ఇచ్చాడు.

కట్టె మునిగింది. మునిగే ఉంది. నేను చేత్తో లాగినా రాలేదు. కొమ్మల మధ్య గప్పీలు తిరుగుతుంటే తొట్టి చూడముచ్చటగా ఉంది. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. మా సడ్డకుడు కింద పడవ బొమ్మ పెట్టాడు. కోదాడనుంచి ఎవరూ రాలేదు. తేలిన కట్టెకు నలభై యాభైమంది సాక్షులు. మునిగిన కట్టెను చూడడానికి ఎవరూ బస్సెక్కి రారు.

అలా ఏడాది పైన గడిచింది. ఒక సాయంత్రం వదిన ఫోన్ చేసింది. మా ఆవిడ అక్క. ఆ ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే. ఆ రోజు ఇంకా తగ్గించి మాట్లాడింది.

“మరిదీ, పెద్దదాని ఓణీల ఫంక్షన్ ఉంది గదా. మీ అన్న కొత్తింట్ల హాల్ల పెద్ద తొట్టి పెట్టించిండు. మీదానికంటె మూడింతలుంటది. హైదరాబాద్‌కెళ్ళి ఏదో వేరు తెచ్చిండు, ఎర్రగ. అది... ఆగుతలేదు మరిదీ.”

“అంటే?”

“తేలుతుంది.”

ఫోన్ పెట్టేసి కాసేపు అలాగే నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి, “ఏమైంది, ఎవరన్న పోయిర్రా?” అంది. లేదన్నాను. “మరి గట్ల నవ్వుతున్నవేంది?” అంది.

ఆ ఆదివారం మిర్యాలగూడ వెళ్ళాను. మా సడ్డకుడు పిలవనట్టే మాట్లాడాడు. “వచ్చినవా తమ్మీ? పనోళ్ళకు చెప్తే పెడ్తరు గని, మీ వదిన ఊకుంటలేదు.” హాల్లో తొట్టి గదిలో సగం గోడంత ఉంది. పక్కన నేల మీద వేరు. ముదురు ఎరుపు, లావుగా, మెలికలు తిరిగి. తడి చేత్తో తడిమితే అరచేతికి రంగు అంటింది. చేయి నా రుమాలుకు తుడుచుకున్నాను. ఆ రుమాలు ఇప్పటికీ ఉంది, ఎంత ఉతికినా పోలేదు.

న్యాయంగా ఆడాలని నిర్ణయించుకున్నాను. వదిన వంటింటి గుమ్మంలో ఉన్నప్పుడే, ఆవిడకు వినపడేటట్టు చెప్పాను. “అన్నా, దీన్ని ముందుగాల ఉడకబెట్టాలె. లేకుంటె...”

“ఏయ్!” అన్నాడు. “ఉడకబెట్టుడు నాకు చెప్తవా తమ్మీ? మా నాయన కాలం సంది ఉడకబెడ్తనే ఉన్నం. గియ్యన్ని నీ పుస్తకాల ముచ్చట్లు. తేలకుండ పెట్టు, సాలు. కడిగి పెట్టు.”

“లేకుంటె...” అన్నాను మళ్ళీ.

“కడిగి పెట్టు అంటున్న గదా!”

లేకుంటే ఏమవుతుందో వినడానికి ఆ ఇంట్లో ఎవరూ సిద్ధంగా లేరు. రెండుసార్లు చెప్పబోయాను. మూడోసారి చెప్పబోవడం బతిమాలినట్టు ఉంటుంది. కడిగాను.

బస్సులో వస్తున్నప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చిన మాట నిజం. వడ్రంగులు వాడే తెల్లబంకతో అంటిస్తే ఆ పూటకు పట్టుకుంటుంది, నీళ్ళలో నాని ఫంక్షన్ నాటికి వదిలేస్తుంది. కట్టె అందరి ముందూ లేస్తుంది. ఆలోచన ఎంత తియ్యగా ఉన్నా వద్దనుకున్నాను. కట్టె తేలితే మళ్ళీ నా కథే గుర్తొస్తుంది, పెట్టిన చేయి కూడా నాదే అవుతుంది. ఇది అస్సలు తేలకూడదు. లోకంలో ఏ కట్టే ఇంతవరకు మునగనంత గట్టిగా మునగాలి.

నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు. వెంట తెచ్చిన నాపరాయి నా తొట్టిలోదానికంటే పెద్దది. వేరు అడుగును రంపంతో సాపు చేశాను, రాయి మీద కాగితం దూరేంత సందు కూడా లేకుండా కూర్చునేలా. స్క్రూలు అటొకటి ఇటొకటి బిగించాను. పలకను తొట్టి అడుగున థర్మాకోల్ మీద దించాను, అద్దం పగలకుండా. పైన ఇసుక, ఆ పైన గుండ్రాళ్ళు, ఒక్కో రాయీ పలక అంచు మీదికి ఒరిగేలా పేర్చాను. మా సడ్డకుడు సోఫాలో కూర్చుని ఫోన్లో వడ్ల బేరం మాట్లాడుతూ మధ్యమధ్య, “అయిపాయెనా తమ్మీ? గింతసేపా?” అంటున్నాడు. ఓణీల ఫంక్షన్ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. దానికి చేపలంటే ప్రాణం, తొట్టి పెట్టించింది దాని కోసమే.

“బాబాయ్, చేపలకేం కాదు గదా?”

“ఏం కాదు బిడ్డా. చేపలు మంచిగుంటయి.”

అది నిజం. నాకు చేపల మీద పగ లేదు.

నీళ్ళు నింపాక తొట్టి అద్దంలా మెరిసింది. కట్టె కదల్లేదు. మా సడ్డకుడు వేలితో నూకి చూశాడు, మళ్ళీ నూకాడు. “పర్వలేదు తమ్మీ, నేర్చినవ్” అన్నాడు. వదిన కోడికూర వడ్డించింది. తిని, చెయ్యి కడుక్కుని, సూర్యాపేట బస్సెక్కాను. వారం తర్వాత ఫంక్షన్. కాలం మీద ఇంత నమ్మకం నాకు ముందెన్నడూ కలగలేదు.

ఫంక్షన్ రోజు మేం వెళ్ళేసరికి హాల్లో తొట్టి ముందు జనం గుమిగూడి ఉన్నారు. నీళ్ళు కనిపించడం లేదు. కనిపిస్తున్నది చాయ్. పాలు పోయని, బాగా మరిగిన చాయ్. అందులో ఎర్రటి మసకలోంచి ఒక్కో చేప అద్దం దాకా వచ్చి, మొహం చూపించి, మళ్ళీ మాయమవుతోంది. పొద్దున నీళ్ళు మార్చారట. పదకొండు గంటలకల్లా మళ్ళీ రంగు. మార్చడానికి టైం లేక, మా సడ్డకుడు ముందు ఒక పూలకుండీ పెట్టించాడు. కుండీ వెనక అంత పెద్ద తొట్టి ఇంకా ఎర్రగా కనిపించింది.

మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్ళారు. “ఏంటండీ అల్లుడుగారూ, నీళ్ళు మార్చలేదా?”

“మార్చిన మామా, మారుస్తనే ఉన్న...”

“ఇందాక నేను తాగిన టీ ఇందులోదా ఏంటి?” అన్నారు మా అత్తగారు. ఆవిడ పెద్దగా జోకులు వేసే మనిషి కాదు. నిజంగానే అడిగిందేమో. హాలంతా గొల్లుమంది. పిల్లల గుంపులోంచి ఎవరో, “పెదనాయనా, షక్కర్ ఏసిర్రా?” అంది.

మా సడ్డకుడు చుట్టూ చూశాడు. నేను కనిపించాను. వేలు పెట్టి చూపించాడు. “గీ తేలుడల్లుడే పెట్టిండు! ఏం కలిపినవ్ తమ్మీ నీళ్ళల్ల?”

నేను నోరు తెరవాల్సిన పని పడలేదు. వంటింట్లోంచి వదిన వచ్చింది, చేతిలో పళ్ళెంతో. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు హాలు అవతల గోడ దాకా వినిపించింది.

“ఆయనేం కలుపలే. ఉడకబెట్టాలె అని రెండుసార్లన్నడు. నేనిన్న. నువ్వే ‘కడిగి పెట్టు’ అంటివి.”

“కలర్ దిగుతదని చెప్పిండా మరి?”

“నువ్వు చెప్పనిస్తివా?”

మా మామగారు అప్పుడు చివరిదాకా విన్నట్టున్నారు, దిద్దారు. “అయితే పొరపాటు మీదే పెద్దల్లుడుగారూ.”

మా సడ్డకుడి మెడ మీద నరం లేచింది. “గిదంత ఎందుకు? కట్టెనే తీసి అవతల పారేస్త!” అన్నాడు. పట్టుచొక్కా చేయి మడిచి, బ్రాస్‌లెట్ తీయడం మరిచిపోయి, భుజం దాకా తొట్టిలో పెట్టాడు. కట్టెను పట్టుకున్నాడు. గుంజాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి గుంజాడు. చాయ్ అలలుగా లేచి ఆయన చొక్కా మీద, పంచె మీద పడింది. రెండో చేయి కూడా పెట్టాడు. మొహం కట్టె రంగుకు వచ్చింది. కట్టె కదల్లేదు, జానెడు కాదు కదా, వెంట్రుక మందం కూడా కదల్లేదు. నన్ను చూసి ఎప్పుడూ నవ్వే నలభై యాభైమందీ మాట్లాడకుండా చూస్తున్నారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళే ఎక్కువమంది. ఆ నిశ్శబ్దాన్ని కొంచెంసేపు అలాగే ఉండనిచ్చాను. ఎందుకంటే అది నాది.

తర్వాత దగ్గరికి వెళ్ళి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా చెప్పాను.

“గంత గట్టిగ గుంజకు అన్నా. అద్దం పల్గుతది. నేను పెట్టింది ఊడదు.”

ఆయన చేతులు బయటికి తీశాడు. మోచేతుల దాకా ఎరుపు. బ్రాస్‌లెట్ రంగు కూడా కొంచెం మారింది. కొంతసేపటికి మా బామ్మర్ది తొట్టి దగ్గర వంగి చూసి, “బావా, గిదెట్ల పెట్టినవ్? స్క్రూనా?” అని అడిగాడు. నన్నే అడిగాడు. చుట్టూ ఉన్న ముగ్గురు నలుగురు నా జవాబు కోసం ఆగారు. చెప్పాను, బండ గురించి, స్క్రూ గురించి. మధ్యలో ఒక్కరూ నవ్వలేదు. ఆ నెలలోనే మామగారి కంటి ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించాం.

నన్ను ఇప్పుడు కోదాడలో చిన్నల్లుడనే పిలుస్తున్నారు. గ్రూపులో ఎవరో చాయ్ కప్పు బొమ్మ పెట్టారు. నేను పెట్టలేదు. కింద ఒక లైకు మాత్రం కొట్టాను.

ఓణీల పిల్ల తొట్టిని పారేయనివ్వలేదు. చేపలు చక్కగా ఉన్నాయి, పిల్లలు కూడా పెట్టాయి. పలక తీయాలంటే ఇసుకంతా ఎత్తాలి, తొట్టంతా విప్పాలి. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు, నాకు ఆఫీసులో ఆడిట్ ఉంది. అందుకని వదిన అడిగితే, మధ్యే మార్గంగా ఆదివారాలు వచ్చి కొన్ని కొన్ని నీళ్ళు మారుస్తానన్నాను. రంగు మెల్లగా పలచబడుతుంది. వెళ్తున్నాను. వదిన మటన్ వండుతుంది. నేను పైపు పట్టుకుని కూర్చుంటాను. ఎర్రనీళ్ళ బకెట్లు మోసి వాకిట్లో చెట్లకు పోసేది మా సడ్డకుడు. మిల్లులో బస్తాలు మోయించే మనిషి, ఇంట్లో బకెట్లు తనే మోస్తున్నాడు. పనోళ్ళకిస్తే కార్పెట్ మీద ఒలకబోస్తారని నేనే చెప్పాను.

పోయిన ఆదివారం నడుం పట్టుకుని నిలబడి అడిగాడు. “తమ్మీ, ఇంకెన్ని రోజులు పడ్తది?”

“కట్టె లావున్నది అన్నా. సూడాలె.”

ఫిల్టర్‌లో పెట్టే బొగ్గుసంచి అని ఒకటి వస్తుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. పెడితే రెండు మూడు రోజుల్లో రంగంతా పీల్చేసి నీళ్ళు తేటపడతాయి. చేపల దుకాణాల్లో దొరుకుతుంది. సూర్యాపేటలో దుకాణం మా ఆఫీసుకు వెళ్ళే దారిలోనే ఉంది. అద్దాల వెనక వరసగా వేలాడదీశాడు, రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. ఈ ఆదివారం వదిన చేపల పులుసు చేస్తానంది.